బొమ్మ హోదాలో నూకరత్నం

కూర్చోవడం ఒక జబ్బని మా ఊరి మెయిన్ రోడ్డు మీద శాస్త్రీయంగా రుజువైంది. రుజువు చేసిన పెద్దలందరూ కూర్చునే రుజువు చేశారు. వాళ్లకి ఆ జబ్బు అంటలేదు. అదెలాగో చెబుతాను.

పట్టపురాణి వస్త్రమహల్ అని మా ఊళ్లో నాలుగంతస్తుల బట్టల కొట్టు ఉంది. వెనకటికి అది ఒకే ఒక గది. తెల్లదుప్పటి పరిచిన పరుపు, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న గుమాస్తా, ఎదురుగా కూర్చున్న కొనేవాళ్లు. బేరాలూ నవ్వులూ అన్నీ కూర్చునే జరిగేవి. అప్పుడు గుమాస్తాలు మగవాళ్లు. తర్వాత కొట్టు పెరిగింది. పరుపు పోయి గాజుబల్లలొచ్చాయి. మగ గుమాస్తాలు పోయి, జీతం తక్కువకొస్తారని ఆడవాళ్లొచ్చారు. కూర్చునే పద్ధతిని మాత్రం ఆ మగవాళ్లు పోతూ పోతూ తమతో పట్టుకుపోయినట్టున్నారు. ఇప్పుడు పొద్దున షట్టరు లేచినప్పుడు నిలబడ్డ ఆడమనిషి రాత్రి షట్టరు పడేదాకా నిలబడే ఉండాలి.

"నిలబడితే మర్యాద, కూర్చుంటే బద్ధకం" అన్నది మేనేజరు కామేశం గారి సిద్ధాంతం. దాన్ని ఆయన గుండ్రంగా తిరిగే కుర్చీలో తిరుగుతూ చెబుతారు.

కామేశం గారు నేర్పిన పాఠం ఇంకొకటుంది. చీర కొనే ఏ ఆడమనిషైనా ఆఖర్న అడిగే ప్రశ్న ఒక్కటే: "రంగు పోతుందా?" ఆ మాట వినబడగానే, ఏ సెక్షనులో ఉన్నా సరే, గట్టిగా, అంతస్తంతా వినబడేలా జవాబు చెప్పాలి: "పట్టపురాణి చీర రంగు పోదండీ!" ఈ మాట మీదే కొట్టు నాలుగంతస్తులు లేచిందని ఆయన నమ్మకం. ఆయన పెళ్లిలో మంత్రాలు మర్చిపోయుండొచ్చు గానీ ఈ మాట మాత్రం మర్చిపోరు.

ఆ కొట్టులో పట్టు సెక్షను నూకరత్నానిది. చాలా ఏళ్ల నుంచి అక్కడే నిలబడి ఉంది. మోకాలి కింద నరాలు బచ్చలితీగల్లా మెలికలు తిరిగి ఉబ్బిపోయాయి. ఎడమ చీలమండ పైన చర్మం నల్లబడి, పుండు పడింది. అది మానదు. సాయంత్రానికి కాలు వాచి, చెప్పు వార్లు చర్మంలో దిగబడిపోతాయి. పెద్దాసుపత్రికి పోతే అక్కడి డాక్టరమ్మ చూసి చెప్పింది:

"ఎక్కువసేపు నిలబడకూడదమ్మా. మధ్యమధ్యలో కాలు పైకి చాపుకుని కూర్చోవాలి. ఈ బిగుతు కట్టు మాత్రం విప్పకు. కట్టు విప్పి కాలు వేలాడేశావంటే, చిన్న దెబ్బకే నరం చిట్లుతుంది. పుండు ముదిరితే కాలికే ముప్పు."

"నాది నిలబడే ఉద్యోగమండి."

"అయితే మానెయ్యమ్మా."

"మానేస్తే కూర్చుని తినాలండి. కూర్చోడానికి ఇంట్లో చాప ఉందండి, తినడానికే లేదు."

డాక్టరమ్మ కట్టు కట్టి పంపించింది. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? కుర్చీ మందులచీటీ మీద రాసిచ్చేది కాదు కదా.

నూకరత్నం ఒక్కతే కాదు. గాజుబల్లల వెనకున్న ప్రతి ఆడమనిషి నడుములోనూ ఒక కథ ఉంది. పక్క సెక్షను మేరీకి మూత్రంలో మంట. మరుగుదొడ్డి నాలుగో అంతస్తులో ఉంది. వెళ్లాలంటే ఫ్లోర్ సూపర్‌వైజరుని అడగాలి. అడిగితే వాడు గడియారం చూసి నవ్వుతాడు. ఆ నవ్వు చూడలేక మేరీ పొద్దుటి నుంచీ నీళ్లే ముట్టదు. కాటన్ సెక్షను భూలక్ష్మికి నెలసరి వస్తే చాలు, ఒళ్లు ఖాళీ అయిపోయేంత రక్తం పోతుంది. ఆ రోజుల్లో కళ్లు తిరిగితే గాజుబల్ల పట్టుకుంటుంది. గాజు మీద వేలిముద్రలు పడ్డందుకు జరిమానా కడుతుంది.

ఇట్లా ఉండగా సర్కారు నుంచి ఒక ఉత్తర్వు దిగింది. కొట్లలో పనిచేసే ఆడవాళ్లకి కూర్చునే వసతి ఉండాలి. ఆ ఉత్తర్వుని వెంటబెట్టుకుని కార్మిక సంక్షేమ అధికారి నరసింగరావు గారు విచ్చేశారు.

"మహిళామణుల ఆరోగ్య పరిరక్షణార్థం తక్షణమే ఆసన సౌకర్యం ఏర్పరచవలసి ఉన్నదని ఇందుమూలముగా తమ దృష్టికి తెస్తున్నాను" అన్నారాయన, నోట్లో జీడిపప్పు నములుతూ.

"ఇంతకాలం ఈ ఆలోచన మాకు రానందుకు సిగ్గుపడుతున్నాం సార్" అన్నారు కామేశం గారు. సిగ్గుపడుతూనే ఇంకో ప్లేటు తెప్పించారు.

కుర్చీలొచ్చాయి. మామూలు కుర్చీలు కావు. పెళ్లి మండపాల్లో వధూవరులకి వేస్తారే, ఆ రకం. ఎర్ర మఖమలు, బంగారు రంగు కాళ్లు, సింహం చేతులు. ఒక్కో సెక్షనుకి ఒకటి. పంతులు గారొచ్చి ప్రతి కుర్చీకీ పసుపూ కుంకుమా పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. నూకరత్నం చేతులు తుడుచుకుని, పట్టు సెక్షను కుర్చీ దగ్గరికొచ్చి, కూర్చోబోయింది.

"ఏమ్మా, ఏమ్మా!" కామేశం గారు పరుగెత్తుకొచ్చారు. "మతి ఉందా నీకు?"

"కూర్చోడానికేగా తెచ్చింది సార్?"

"కూర్చోడానికే. కాదన్నానా? అంతస్తులో ఒక్క కస్టమరు కూడా లేనప్పుడు కూర్చో. నిక్షేపంలా కూర్చో. కస్టమరు నిలబడి ఉండగా నువ్వు మహారాణిలా కూర్చుంటావా?"

"ఆషాఢం సేల్ మొదలైంది కద సార్. కస్టమరు లేని ఘడియ ఏదండి?"

"అది కస్టమర్లని అడుగు" అన్నారు కామేశం గారు.

భూలక్ష్మి నోరు ఊరుకునేది కాదు. "పిన్నీ, రాత్రి షట్టరు ఏసేశాక వచ్చి కూసో. పొద్దుట దాకా నీదే రాజ్యం" అంది. ఆ మాటకి అందరూ నవ్వారు. నూకరత్నం కూడా నవ్వి, కుర్చీ వీపు పట్టుకుని బరువంతా కుడికాలు మీదికి మార్చుకుంది.

తర్వాత మహిళా ఆరోగ్య పక్షోత్సవం వచ్చింది. కొట్టు వాళ్లు వైద్య శిబిరం పెట్టించారు. వైద్యుడు డాక్టరు విశ్వంభరం గారు. ఆయన సంస్థకి ఆరోగ్య సలహాదారు, యజమానికి తోడల్లుడు. ఏ హోదా ముందొచ్చిందో నాకు తెలియదు. ఆయన ఎర్ర మఖమలు కుర్చీలో కూర్చుంటే, ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు.

"మూత్రంలో మంట సార్" అంది మేరీ.

"నీళ్లు బాగా తాగాలి."

"తాగితే వెళ్లాలి కద సార్. వెళ్లనివ్వరు."

"అయితే తాగకు. నెక్స్ట్!"

"నెలసరికి రక్తం బాగా పోతోందండి. కళ్లు తిరుగుతున్నాయి" అంది భూలక్ష్మి.

"పెళ్లయిందా?"

"లేదండి."

"అయితే తగ్గుతుంది."

వెనకనున్నావిడ తల ముందుకి పెట్టింది. "నాకు అయ్యిందండి. నాకూ అదే జబ్బండి."

"పిల్లలు పుడితే తగ్గుతుంది."

"ఇద్దరండి."

"వయసు మీదపడితే దానంతటదే ఆగిపోతుంది. ప్రకృతికి తొందరపాటు పనికిరాదమ్మా."

"అప్పటికి మేం ఆగిపోతామేమో సార్" అంది భూలక్ష్మి. డాక్టరు గారికి వినబడలేదు. వినబడకపోవడం ఆయన వైద్యంలో ఒక భాగం.

నూకరత్నం చీర కుచ్చిళ్లు కొద్దిగా ఎత్తి కాలు చూపించింది. ఆయన కళ్లు పక్కకి తిప్పుకున్నారు. "ఇంత కట్టేమిటి, అసహ్యంగా? చీర కాస్త కిందికి కట్టు. కస్టమర్ల కంట పడకూడదు."

"కూసుంటే తగ్గుద్దని పెద్దాసుపత్రి డాక్టరమ్మ అన్నారండి."

ఆ మాటతో డాక్టరు గారిలో శాస్త్రజ్ఞుడు నిద్రలేచాడు. సింహం చేతుల మీద రెండు చేతులూ ఆనించుకుని, అందరికీ వినబడేలా ఉపన్యసించారు:

"కూర్చోవాలనిపించడమే వ్యాధి లక్షణమమ్మా. ఆరోగ్యవంతురాలికి కూర్చోవాలనిపించదు. కావున కూర్చున్న ఉద్యోగిని రోగి. రోగికి కావలసింది విశ్రాంతి. విశ్రాంతి ఇంటి దగ్గర దొరుకుతుంది. కొట్లో దొరకదు. రోగి చేత పని చేయించడం అమానుషం. మన సంస్థ అమానుషమైన సంస్థ కాదు."

కామేశం గారు ఈ మాటల్ని వెంటనే నిబంధన చేసేశారు. కుర్చీలో కూర్చున్న ఆడమనిషిని రోగిగా గుర్తిస్తారు. గుర్తించగానే జాలిపడి ఇంటికి పంపిస్తారు. జీతం ఉండదు. ఎందుకంటే జీతం పనికి గానీ జబ్బుకి కాదు. నయమైందని ఒక పూటంతా నిలబడి చూపిస్తేనే మళ్లీ లోపలికి రానిస్తారు.

మర్నాడు భూలక్ష్మికి కళ్లు తిరిగాయి. గాజు పట్టుకుంటే జరిమానా అని, కుర్చీలో పడింది. అంతే. ఎక్కడి నుంచొచ్చారో గానీ కామేశం గారు ప్రత్యక్షమయ్యారు. "అయ్యో పాపం, రోగం ముదిరింది" అని ఆటో పిలిపించి ఇంటికి పంపించారు. ఆటో కిరాయి భూలక్ష్మే ఇచ్చుకుంది. వారం పోయాక వచ్చి, ఒక పూట గోడకి ఆనకుండా నిలబడి, ఆరోగ్యం నిరూపించుకుంది. ఆ తర్వాత ఆ అంతస్తులో ఒక్కరు కూడా కుర్చీ వంక చూడలేదు.

నరసింగరావు గారు తనిఖీకి మళ్లీ వచ్చారు. కుర్చీ కుర్చీకీ వంగి చూశారు. మఖమలు మీద ముడత లేదు. పసుపు చుక్కలు కూడా చెదరలేదు.

"ఎవరూ కూర్చోలేదా?"

"ఒక్కరు కూడా కూర్చోలేదు సార్" అన్నారు కామేశం గారు వినయంగా.

"అనగా ఒక్కరికి కూడా కాళ్లనొప్పి లేదన్నమాట! కుర్చీలు రాకముందు ఎంతమంది నొప్పులంటూ ఫిర్యాదు చేసేవారో కదా. కుర్చీలు వచ్చిన పిదప నొప్పులు సమూలంగా మాయమైనవి. ఆసన సౌకర్యం సాధించిన ఘన విజయమయ్యా ఇది. ఆదర్శ విక్రయశాలగా మీ సంస్థను సిఫారసు చేస్తున్నాను."

నూకరత్నం గాజుబల్ల అవతల నిలబడి ఇదంతా విన్నది. కాలు కుతకుతలాడుతోంది, అన్నం ఉడికినట్టు. ఆ సమయంలో ఒకావిడ కంచి చీర పట్టుకుని "రంగు పోతుందా?" అనడిగింది. "పట్టపురాణి చీర రంగు పోదండీ!" అని నూకరత్నం గట్టిగా చెప్పింది.

ఇక్కడి నుంచి కథ బొమ్మల చేతుల్లోకి పోయింది.

పట్టపురాణిలో షోకేసు బొమ్మలున్నాయి. తెల్లటి ఒళ్లు, సన్నటి ముక్కు. ఎవరో ఒకావిడ సణిగినట్టు, "నా జన్మలో ఇలాంటి మొహంతో తెలుగుదాన్ని చూళ్లేదు." కాళ్లూ నడుమూ మడిచే రకం, ముంబయి నుంచి వచ్చాయి. మంచి మంచి చీరలు కట్టి వాటిని పట్టు సెక్షనులో తెల్లగుడ్డ పరిచిన వేదిక మీద నిలబెడతారు. ఆషాఢం రద్దీలో ఒక మధ్యాహ్నం, వాటిల్లో ఒక బొమ్మకి కాలు చీలమండ దగ్గర పటుక్కున విరిగింది. బొమ్మ వెళ్లి నేరుగా ఒక కస్టమరు మీద పడింది.

కొట్టంతా గగ్గోలైపోయింది. కామేశం గారు బొమ్మని రెండు చేతులతో ఎత్తుకుని, తల నిమిరి, చల్లటి గదిలో పడుకోబెట్టించారు. సాయంత్రానికల్లా విజయవాడ నుంచి బొమ్మల స్పెషలిస్టు కారులో వచ్చాడు. టార్చి వేసి మిగిలిన బొమ్మల కాళ్లన్నీ తడిమి చూశాడు. మొహం సీరియస్‌గా పెట్టాడు.

"వీటిని రోజుకి ఎంతసేపు నిలబెడుతున్నారు?"

"పొద్దుటి నుంచి రాత్రి దాకా సార్. రాత్రి కూడా అట్లాగే ఉంటాయి."

"ఎంత ఘోరమండీ! బరువంతా చీలమండ మీద పడుతుంది. అన్నిటికీ అక్కడే సన్నటి పగుళ్లున్నాయి. ఇట్లా నిలబెడితే ఒక్కటి మిగలదు. వెంటనే కూర్చోబెట్టండి."

కామేశం గారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంతకాలం నేను గమనించుకోలేదు సార్. పాపం, నోరు లేనివి. చెప్పుకోలేవు."

నూకరత్నం పక్కనుంచి అడిగింది. "సార్, మీ బొమ్మల డాక్టరు గారిని నా చీలమండ కూడా ఒకసారి సూడమంటారా?"

"వాళ్లు ఫైబర్ మాత్రమే చూస్తారమ్మా" అన్నారు కామేశం గారు.

ఆ పూటే ఎర్ర మఖమలు కుర్చీలన్నీ వేదిక ఎక్కాయి. వాటి మీద బొమ్మల్ని కూర్చోబెట్టారు. ఒంటికి ఏదీ గుచ్చుకోకుండా నడుము వెనక దిళ్లు పెట్టారు. బొమ్మలు కాలు మీద కాలేసుకుని, నిలబడ్డ ఆడవాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాయి.

నరసింగరావు గారు ఈ సంగతి తెలిసి కొంచెం తటపటాయించారు. "ఉత్తర్వు ప్రకారం ఈ ఆసనాలు మహిళలకు కేటాయించబడినవి కదా?"

"బొమ్మలన్నీ ఆడవే సార్. మగబొమ్మలు కింది అంతస్తులో నిలబడే ఉన్నాయి."

"ఓహో. అంటే ఆసనాలన్నీ నిండినవి. పూర్వం ఒక్కటీ నిండలేదు. నూటికి నూరు పాళ్లు వినియోగం!" ఆయన మొహం వెలిగిపోయింది. "అధ్యక్షురాలు గారిని నేనే తీసుకొస్తాను. వారి చేతుల మీదుగా మీకు పురస్కారం."

అధ్యక్షురాలు అంటే కార్మిక మహిళా సంక్షేమ మండలి అధ్యక్షురాలు సుగుణాదేవి గారు. ఆవిడ వచ్చే రోజు ఆదివారం, సేల్ ఆఖరి రోజు. కొట్టు ఇసకేస్తే రాలనట్టుంది. వేదిక మీద అన్ని కుర్చీలూ నిండాయి, సరిగ్గా మధ్యలో ఉన్నదొక్కటి తప్ప. విరిగిన బొమ్మ రిపేరుకి పోయి ఇంకా తిరిగి రాలేదు. వేదిక మధ్యలో ఖాళీ కుర్చీ పన్ను ఊడిన నోరులా కనబడుతోంది.

"ఖాళీ కుర్చీ ఫొటోలో పడితే ఎట్లా? నూటికి నూరు అని నేను రాసి పంపించేశాను" అన్నారు నరసింగరావు గారు చెమటలు తుడుచుకుంటూ.

కామేశం గారు చుట్టూ చూశారు. ఆయన చూపు నూకరత్నం మీద ఆగింది. మనిషి పొడుగ్గా, బొమ్మల్లాగే సన్నటి ముక్కుతో ఉంటుంది.

"ఏమ్మా నూకరత్నం. కూర్చోవాలని నీకెప్పటి నుంచో కోరిక కదా?"

"అవునండి."

"కూర్చో. అయితే మనిషిగా కాదు. మనిషిగా కూర్చుంటే రోగివి, ఇంటికి పోవాల్సొస్తుంది. బొమ్మ హోదాలో కూర్చో. కళ్లు ఆర్పకూడదు. కదలకూడదు. దురదపెడితే మనసులోనే గోక్కో."

"ఊపిరి తీసుకోవచ్చాండి?"

"అవసరమైనంత వరకు."

కొట్టులో అన్నిటికంటే ఖరీదైన కుంకుమరంగు పట్టుచీర కట్టించారు. మొహానికి పౌడరు దట్టించారు. మేరీ కుచ్చిళ్లు సర్దుతుంటే కామేశం గారికి కట్టు కనబడింది.

"ఇదేంటి? బొమ్మకి కట్టేంటి? తియ్యండి, తియ్యండి!"

"కట్టు తియ్యొద్దన్నారండి డాక్టరమ్మ. తీస్తే నరం చిట్లుద్దంట."

"గంట సేపేనమ్మా. బొమ్మలకి నరాలుంటాయా? ఉండవు. మరి భయమెందుకు?"

నూకరత్నం ఒక్క క్షణం ఆలోచించింది. కట్టు విప్పకపోతే కూర్చోనివ్వరు. కూర్చోకపోతే ఈ ఆదివారం రద్దీలో రాత్రి దాకా నిలబడాలి. కాలిని కాపాడుకోడానికి రెండు దార్లు చెప్పింది డాక్టరమ్మ. వీళ్లు ఒకదాన్ని ఇంకోదానికి అడ్డం పెట్టారు. మేరీ కట్టు విప్పింది. నూకరత్నం కుర్చీలో కూర్చుంది. కొట్టులో చేరాక షట్టరు లోపల ఆమె కూర్చోవడం ఇదే మొదటిసారి. మఖమలు అంత మెత్తగా ఉంటుందని ఆమెకి తెలియదు. ఏడుపొచ్చింది గానీ బొమ్మలు ఏడవవు కదా అని ఆపుకుంది.

సుగుణాదేవి గారు మేళతాళాలతో వచ్చారు. కుర్చీల వరుస చూసి మురిసిపోయారు. మైకులో మాట్లాడుతూ, "మహిళ కూర్చుంటే ఇల్లు కూర్చుంటుంది, ఇల్లు కూర్చుంటే దేశం కూర్చుంటుంది" అన్నారు. దేశం ఎందుకు కూర్చోవాలో ఎవరికీ అర్థం కాలేదు గానీ చప్పట్లు పడ్డాయి. డాక్టరు విశ్వంభరం గారికి శాలువా కప్పారు. తర్వాత ఆవిడ మధ్య బొమ్మ ముందు ఆగి గడ్డం పట్టుకుని చూశారు.

"ఎంత సహజంగా ఉందండీ! చర్మం కూడా వెచ్చగా ఉంది."

"కొత్త టెక్నాలజీ మేడమ్" అన్నారు కామేశం గారు.

"ఫొటో! అందరూ ఇటు రండి, ఇటు రండి" అన్నాడు ఫొటోగ్రాఫరు. నరసింగరావు గారు ఫ్రేములో పడాలని వెనక్కి వెనక్కి జరిగారు. ఆయన బూటు మడమ వెళ్లి నూకరత్నం ఎడమ చీలమండకి తగిలింది. ఆయనకి తగిలినట్టు కూడా తెలియలేదు. నూకరత్నం పళ్లు బిగపట్టింది. కదల్లేదు.

ఫ్లాషు వెలిగింది. ఆ వెలుగులోనే ముందు వరసలో ఉన్న ఒకావిడ చూసింది. కుంకుమరంగు చీర అంచు కింద నుంచి ఎర్రగా ఒక చార వేదిక మీది తెల్లగుడ్డ మీదికి దిగుతోంది. చార వెడల్పవుతోంది.

"అమ్మో! రంగు పోతోంది!"

అంతస్తంతా అటు తిరిగింది. "ఏది? ఏది?" "అదిగో, ఎర్రచీర! కారిపోతోంది చూడు." "తడవకుండానే రంగు పోయిందంటే ఇంక ఉతికితే ఏముంటుందే!" ఎర్రచీరలు చేతుల్లో పట్టుకున్న ఆడవాళ్లు వాటిని గాజుబల్లల మీద పారేశారు. బిల్లు కట్టేసినవాళ్లు కౌంటరు వైపు తోసుకున్నారు. "మా డబ్బులు మాకిచ్చెయ్యండి! రంగు గ్యారంటీ అన్నారు!"

కామేశం గారు తెల్లబోయారు. జీవితంలో ఆయన నమ్మిన ఒకే ఒక్క మాట కళ్లెదుట కారిపోతోంది. వేదిక మీదికి ఒక్క గంతు వేశారు. సుగుణాదేవి గారి చేతిలో మైకు లాక్కున్నారు. గొంతు చించుకుని అరిచారు:

"పట్టపురాణి చీర రంగు పోదండీ! అది రంగు కాదు, రక్తం! మా నూకరత్నం రక్తం! కావాలంటే ముట్టుకుని చూడండి, రక్తమే!"

కొట్టు నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంలో కామేశం గారు హమ్మయ్య అనుకున్నారు. చీర పరువు దక్కింది. తర్వాత అందరి మొహాలూ చూసి, తన నోట్లోంచి ఏం వచ్చిందో మెల్లమెల్లగా అర్థం చేసుకోవడం మొదలుపెట్టారు.

నూకరత్నం పక్కకి ఒరిగింది. ముందు వరసలోని ఒక ముసలావిడ చేతిసంచి కింద పడేసి వేదికెక్కింది. "రక్తమైతే నిలబడి సూస్తారేట్రా, సచ్చినోళ్లారా! పడుకోబెట్టండి. కాలు పైకెత్తండి, పైకి!" మేరీ ఒక బొమ్మని కుర్చీలోంచి పడదోసింది. నూకరత్నాన్ని నేల మీద పడుకోబెట్టి, కాలు ఎర్ర మఖమలు కుర్చీ మీదికి ఎత్తిపెట్టారు. ముసలావిడ చేతికందిన చీర తీసి, మడత పెట్టి, పుండు మీద అదిమిపట్టింది.

"అది ముప్పైవేల చీరండీ!" అన్నారు కామేశం గారు అలవాటుగా.

"రంగు పోదన్నావుగా" అంది ముసలావిడ.

డాక్టరు విశ్వంభరం గారు శాలువా సర్దుకుంటూ, "నేను ముందే చెప్పాను. కూర్చుంది, జబ్బుపడింది" అన్నారు. నరసింగరావు గారు తన బూటు వంక చూసుకుని, మడమని తెల్లగుడ్డకి తుడిచారు. సుగుణాదేవి గారు కారులో కూర్చున్నారు.

ఆటోలో నూకరత్నాన్ని పెద్దాసుపత్రికి పంపించారు. మేరీ కూడా వెళ్లింది, అదిమిపట్టిన చెయ్యి తియ్యకుండా. ఆటో మలుపు తిరిగాక భూలక్ష్మి మెట్లెక్కి పైకొచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు. వేదికెక్కి ఒక బొమ్మని నడుము పట్టుకుని ఎత్తింది. తీసుకెళ్లి కాటన్ సెక్షను గాజుబల్ల వెనక, తను రోజూ నిలబడే చోట నిలబెట్టింది. తిరిగొచ్చి బొమ్మ కుర్చీలో కూర్చుంది. కాలు మీద కాలేసుకుంది.

ఇంకో పిల్ల ఇంకో బొమ్మని ఎత్తింది. తర్వాత ఇంకొకత్తె. కాసేపటికి గాజుబల్లల వెనక బొమ్మలు నిలబడి ఉన్నాయి, వేదిక మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కుర్చీలు చాలనివాళ్లు తెల్లగుడ్డ మీద, ఆ ఎర్ర మరకకి పక్కగా, బాసింపట్లు వేసుకున్నారు.

"లేవండి! లేవండే! ఆఖరి రోజు సేలే ఇది!" కామేశం గారు అరిచారు.

ఎవరూ కదల్లేదు. కళ్లు కూడా ఆర్పలేదు.

"మిమ్మల్నే! వినబడుతోందా?"

"బొమ్మలకి చెవులుండవు సార్" అంది భూలక్ష్మి, పెదవి కదపకుండా.

ఒక కస్టమరు పట్టు సెక్షను దగ్గర నిలబడి అడిగింది. "ఏమ్మా, ఆ ఆకుపచ్చది చూపిస్తారా?"

"నిలబడ్డోళ్లని అడగండమ్మా. కూసున్నోళ్లం రోగులం" అంది భూలక్ష్మి.

ఆవిడ నిలబడ్డ బొమ్మ వంక చూసింది. కూర్చున్న పిల్లల వంక చూసింది. చెప్పులు విప్పి, వేదికెక్కి, వాళ్ల ఎదురుగా ఆవిడా కూర్చుంది. "నా కాళ్లూ పీకుతున్నాయి తల్లీ. ఇక్కడే చూపించు."

అట్లా ఆ సాయంత్రం పట్టపురాణిలో మళ్లీ పరుపు పరిచారు. యజమాని ఫోన్లో ఎంత అరిచినా, కొనేవాళ్లే కూర్చున్నాక అమ్మేవాళ్లని లేపడం ఎవరి తరమూ కాలేదు. కూర్చుని చూస్తే ఆడమనిషి ఒక చీర కొనాల్సిన చోట రెండు కొంటుందని ఆ రాత్రి లెక్కలు చూసి ఆయనకి తెలిసింది. దాంతో ఆయన గుండె కరిగింది. మా ఊళ్లో గుండెలు ఆ మార్గంలోనే కరుగుతాయి.

కార్మిక శాఖ వారి నివేదికలో మాత్రం, ఆసన సౌకర్య పథకం అధికారుల నిర్విరామ కృషి వలన విజయవంతమైనదని రాసుంది. ప్రమాదానికి కారణం 'ఉద్యోగిని అనుమతి లేకుండా రక్తస్రావం చేయుట' అని తేలింది.

నూకరత్నం కాలు పోలేదు. చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. చిట్లిన నరానికి ఆపరేషను చేశారు. పుండు మానడం మొదలుపెట్టింది. ఆసుపత్రి ఖర్చు కొట్టు చేత కట్టించడానికి భూలక్ష్మీ వాళ్లూ ఇంకో రెండు పూటలు బొమ్మలు కావలసొచ్చింది. నాలుగో అంతస్తు మరుగుదొడ్డి ఇంకా నాలుగో అంతస్తులోనే ఉంది. దానికోసం ఎన్ని పూటలు కావాలో వాళ్లు మాట్లాడుకుంటున్నారు.

నూకరత్నం తిరిగొచ్చిన రోజు పట్టు సెక్షనులో ఎర్ర మఖమలు కుర్చీలో కూర్చుంది. ఎదురుగా ఒక ముక్కాలి పీట. దాని మీద కట్టు కట్టిన కాలు, అందరికీ కనబడేలా. కామేశం గారు అటుగా వెళుతూ కాలు వంక చూసి ఆగిపోయారు.

అప్పుడే ఒకావిడ కుంకుమరంగు పట్టుచీర ఒళ్లో వేసుకుని, అంచు నలిపి చూసి అడిగింది. "రంగు పోతుందా?"

నూకరత్నం అంతస్తంతా వినబడేలా, గట్టిగా, కూర్చునే చెప్పింది.

"పోదండీ. పోయింది నా రక్తమని మా మేనేజరు గారే మైకులో చెప్పారు. కావాలంటే అడగండి, అదిగో, అక్కడ నిలబడ్డారు."